సామర్లకోట డాక్టరు గారి తోట



నల్లమలకు మేకలను తోలుకొని వెళ్ళినవారు వేగి మానును, అందుగు మానును, నారేప మానును ఎరుగుదురు. గిద్దలూరు వైపు వారికి ఇవి కొత్త పేర్లు కావు. ఈ మూడు చెట్లకూ శాస్త్రజ్ఞులు పెట్టుకున్న లాటిన్ పేర్లు వేరే ఉన్నాయి. ఆ పేర్ల చివర పొట్టిగా ఒక మనిషి పేరు తగిలించి ఉంటుంది. మీ ఇంట్లో వృక్షశాస్త్రం చదివే పిల్లలుంటే అడిగి చూడండి. విలియం రాక్స్‌బర్గ్ అని చెబుతారు. భారతీయ వృక్షశాస్త్రానికి పితామహుడని ఆయనకు పేరు. అంతటి పేరు వచ్చిన పని ఆయన మొదలుపెట్టింది కలకత్తాలో కాదు, లండన్‌లో కాదు, మన తెలుగు నేల మీద, సామర్లకోటలో. అందులోనూ కరువు రోజుల్లో.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్ దేశంలోని ఎయిర్‌షైర్‌లో పుట్టాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం నేర్చుకున్నాడు. ఆ కాలంలో వైద్య విద్యార్థులకు మూలికల చదువు తప్పనిసరి. జాన్ హోప్ అనే ఆచార్యుని దగ్గర ఆ చదువు అబ్బింది. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో సర్జన్‌కు సహాయకుడిగా తిరిగి, 1776లో మద్రాసులో కంపెనీ వైద్యశాఖలో చేరాడు.

మద్రాసు చేరిన ఏడే ఆయన ఒక అలవాటు మొదలుపెట్టాడు. రోజుకు మూడుసార్లు ఎండ ఎంత ఉందో, గాలి ఎటు వీస్తోందో, వాన ఎంత పడిందో పుస్తకంలో రాసుకునేవాడు. రోగుల పని తెమలక ముందూ, తెమిలాకా ఈ రాత మాత్రం మానలేదు. పక్కవారికి ఇది ఉబుసుపోని పనిగా కనిపించి ఉండవచ్చు. కాని ఇరవై ఏళ్ళు తిరగకముందే ఆ లెక్కలకు ఎంత విలువ వచ్చిందో ముందు ముందు మీరే చూస్తారు.

1781లో ఆయనను సామర్లకోట దండులో వైద్యునిగా వేశారు. కాకినాడకు దగ్గర ఊరు. భీమేశ్వరాలయం ఉన్న ఊరని మీకు తెలిసే ఉంటుంది. అప్పట్లో అక్కడ కంపెనీ సిపాయిల కోట ఉండేది. గాయాలకు కట్లు కట్టడం, జ్వరాలకు మందివ్వడం ఉద్యోగం. మిగిలిన పొద్దంతా ఊరి చుట్టూ తిరగడమే. ఆయనకు అక్కడ మంచి గురువు దొరికాడు. జాన్ గెరార్డ్ కోనిగ్ అనే ఆయన తరంగంబాడిలో డేనిష్ మిషనుకు వైద్యునిగా వచ్చినవాడు, లిన్నేయస్ మహాశయుని శిష్యుడు. మొక్కను చూసి జాతి నిర్ణయించే విద్యలో దిట్ట. ఆ కోనిగ్ 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో జబ్బుపడి కన్నుమూశాడు. చివరి రోజుల్లో వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గే. గురువు వదిలిన పనిని శిష్యుడు అందుకున్నాడు. కొన్నాళ్ళకు కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుని పదవి కూడా ఆయనకే వచ్చింది.

సామర్లకోటలో ఆయన వేసిన తోట సంగతి చెప్పుకోవాలి. రాజమండ్రి వైపు కొండల్లో అడవి మిరియం తీగ కనిపించిందని దాన్ని తెచ్చి పెంచాడు. కాఫీ, దాల్చిన, జాజి, జాఫ్రా, పట్టుపురుగులకు మల్బరీ, ఎన్నెన్నో వేశాడు. ఇవన్నీ బీదల కోసం వేశాడని అనుకోకండి. మిరియాలు, పట్టు, నీలిమందు అంటే కంపెనీకి లాభం, ఆయనకూ లాభం. ఆ కాలపు దొరలందరిలాగే ఆయన కూడా సొమ్ము చేసుకోవాలని వచ్చినవాడే. ఈ మాట దాచి ఆయనను మహాత్ముణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. అయితే ఒక గుణం మాత్రం ఆయనలో కనిపిస్తుంది. పల్లెటూరి రైతును తెలివితక్కువవాడని తీసిపారేయలేదు. పెద్దాపురం, పిఠాపురం వైపు రైతులు చెరకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో, ఒకే చేలో వెంటవెంటనే చెరకు ఎందుకు వేయరో అడిగి తెలుసుకొని రాసిపెట్టాడు. మొక్క కనిపిస్తే ముందు దాని తెలుగు పేరు అడిగేవాడు. సోమిడ చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని ఇక్కడివారి వలననే తెలుసుకున్నాడు. ఆ చెట్టుకు ఈనాటికీ ప్రపంచమంతా వాడే శాస్త్రనామంలో మన సోమిడ అన్న మాటే ఉంది.

అంతలో ఉప్పెన వచ్చింది. 1787 మే నెలలో సముద్రం కోరంగి తీరం మీద విరుచుకుపడింది. వేలమంది మనుషులు, లెక్కలేనన్ని గొడ్లు కొట్టుకుపోయాయి. రాక్స్‌బర్గ్ ప్రాణాలు దక్కాయి గాని, ఏళ్ళ తరబడి కూడబెట్టిన పుస్తకాలూ, కాగితాలూ, ఎండబెట్టి దాచిన మొక్కలూ నీళ్ళపాలయ్యాయి. వయసు ముప్ఫై ఆరు. ఇంకొకరైతే చాలించుకొని ఓడ ఎక్కేవారు. ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి పద్ధతి మార్చాడు. స్థానిక చిత్రకారులను కుదుర్చుకొని ప్రతి మొక్కనూ ఆకు, పువ్వు, కాయ, గింజతో సహా రంగుల్లో వేయించాడు. బొమ్మలూ వివరాలూ ఎప్పటికప్పుడు లండన్‌కు పంపేవాడు. ఒకచోట పోయినా రెండోచోట మిగులుతుంది గదా! ఆ బొమ్మల్లో నుంచి మూడు వందలు ఏరి, కోరమండల్ తీరపు మొక్కలు అనే పేరుతో 1795 మొదలుకొని 1820 వరకు మూడు పెద్ద సంపుటాలుగా అచ్చువేశారు. బొమ్మలు వేసిన మనవారి పేర్లు మాత్రం ఆ సంపుటాల అట్టల మీద లేవు.

ఉప్పెన వెనుకనే కరువు దాపురించింది. 1789 నుంచి 1792 దాకా దేశంలో చాలా భాగాన వానలు ముఖం చాటేశాయి. దక్కనులో ఈ కరువును పుర్రెల కరువు అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. పూడ్చేవారు లేక ఎముకలు బయళ్ళలో పడి ఉన్నందున ఆ పేరు వచ్చింది. ఉత్తర సర్కారుల్లో కూడా జనం పిట్టల్లా రాలిపోయారు. సామర్లకోట డాక్టరు కళ్ళెదుటే ఇదంతా జరిగింది. మందు ఇస్తే పోయే జబ్బు కాదు ఆకలి.

ఆ రోజుల్లో జనం ఏం తిని బతికారో ఆయన కనిపెట్టి చూశాడు. చిట్టీత అని ఒక పొట్టి ఈత జాతి ఉంది. ఇసుక నేలల్లో, గుట్టల మీద, ఎవరూ దున్నని చోట పెరుగుతుంది. మామూలు రోజుల్లో చాపలు అల్లడానికి తప్ప దాని వంక ఎవరూ చూడరు. కరువులో జనం దాని మొద్దు నరికి, నిలువునా చీల్చి, ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లించి, నార తీసివేసి, వచ్చిన తెల్లని పిండిని గంజి కాచుకొని తాగారు. సగ్గుబియ్యమంత బలం లేదు గాని ప్రాణం నిలిపింది. తన గొప్ప పుస్తకంలో ఈ చిట్టీతకు రాక్స్‌బర్గ్ చోటు ఇచ్చాడు. దానికి ఆయన పెట్టిన లాటిన్ పేరుకు పిండినిచ్చే ఈత అని అర్థం. రాజుల తోటల్లోని గులాబీల మధ్య బీదల గంజి చెట్టు కూడా అచ్చయింది.

ఇక్కడే ఆయన వాన లెక్కలు అక్కరకు వచ్చాయి. ఇన్నేళ్ళ లెక్కలు చేతిలో ఉన్నవాడు ఆ తీరంలో ఇంకొకరు లేరు. ఈ కరువు ఒక్కసారికి వచ్చిపోయే ఆపద కాదని ఆయనకు అనుమానం కలిగింది. పెద్దలను విచారించాడు. పిఠాపురం జమీందారుల వద్దనున్న పాత రాతల్లో సుమారు నూరేళ్ళ కిందట, 1685 - 87 ప్రాంతంలో, ఇలాగే వరుసగా వానలు లేక జనం నశించిన సంగతి బయటపడింది. అంటే కరువు వెళ్ళిపోదు, తిరిగి వస్తుంది. తిరిగి వచ్చేదైతే, అది రాకముందే తిండిని నేలలో నాటి ఉంచాలి. రాక్స్‌బర్గ్ చేసిన ఆలోచన ఇంతే.

1790ల తొలి ఏళ్ళలో ఆయన కంపెనీ అధికారులకు ఒక సలహాల పత్రం రాశాడు. తిండి దొరకని రోజుల్లో బీదజనాన్ని ఆదుకోగల చెట్లూ మొక్కలూ ఏవి, వాటిని ఎక్కడ నాటాలి అన్నది విషయం. కొబ్బరి, తాటి, ఈత, సగ్గు చెట్టు, పనస, సీమపనస, అరటి అని పేరుపేరునా చెప్పాడు. కాలువ గట్లు, బాటల పక్కలు, ఊరి పొలిమేరలు ఊరికే పడి ఉన్నాయి, అక్కడ పెంచమన్నాడు. వరి, జొన్న ఒక ఏడు వాన తప్పితే పోతాయి. వేరు లోతుకు పోయిన తాటి చెట్టు పోదు. అదే కిటుకు. ఆయన తరువాత పనిచేయబోయే కలకత్తా తోటను కూడా కర్నల్ కిడ్ అనే ఆయన 1787లో మొదలుపెట్టింది ఇటువంటి తలంపుతోనే. బెంగాలులో 1770 నాటి ఘోర కరువు ఆయన మనసులో ఉంది.

మరి పత్రం ఫలించిందా? పెద్దగా లేదనే చెప్పాలి. శిస్తు వసూళ్ళ మీద ఉన్న శ్రద్ధ పనస మొక్కల మీద ఎవరికుంటుంది? తరువాత వందేళ్ళలో వచ్చిన కరువులే దానికి సాక్ష్యం. ఒక చిన్న ముచ్చట మాత్రం చెప్పి తీరాలి. రాక్స్‌బర్గ్ తెప్పించాలనుకున్న సగ్గు చెట్టు మన గోదావరి ప్రాంతంలో నిలదొక్కుకోలేదు. కాని ఈనాడు సగ్గుబియ్యం మిల్లులకు పేరుబడ్డ ఊళ్ళు ఏవి? సామర్లకోట, పెద్దాపురం! చెట్టు మొద్దు నుంచి కాదు, కర్రపెండలం దుంప నుంచి తీస్తున్నారు.

పాఠకులారా, ఇదంతా కాకినాడ కథ, మార్కాపురానికి దీనితో పనేమిటని అడగవచ్చు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పేవారు గుర్తుందా? 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు అది. ధాతు నామ సంవత్సరంలో మొదలైంది గనుక ఆ పేరు. అప్పుడు మార్కాపురం, కంభం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ కరువు ఎక్కువగా కాటేసిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. కంభం చెరువు కింద ఉన్నవారి సంగతి కొంత నయం. మెట్ట మీద ఉన్నవారికి అప్పుడూ ఇప్పుడూ ఆకాశమే దిక్కు. బోర్లు వేసినా నీరు పడని ఊళ్ళు, పడినా ఫ్లోరైడు నీరు వచ్చే ఊళ్ళు మన చుట్టూ ఎన్ని లేవు! 2020లో లాక్‌డౌను వచ్చినప్పుడు సంత మూతపడి, కూరల బండి రాకపోతే, దొడ్లో సొర పందిరి ఉన్న ఇల్లు ఏ తీరుగా గడిపిందో, లేని ఇల్లు ఏ తీరుగా గడిపిందో మీకు నేను చెప్పనక్కరలేదు.

రాక్స్‌బర్గ్ కూరగాయలను చిన్నచూపు చూడలేదు. తోటకూర జాతులనూ, వంగనూ, చిక్కుడులో పువ్వు రంగునూ గింజ రంగునూ బట్టి వచ్చే తేడాలనూ తెలుగు పేర్లతో సహా రాసిపెట్టాడు. ఆ రకాలు అప్పటికే మన అవ్వల చేతుల్లో వందల ఏళ్ళుగా నిలిచినవి. ఏ కంపెనీ ఇచ్చినవీ కావు. వాటినే మనం నాటు విత్తనం అంటున్నాం. దుకాణంలో పొట్లం కట్టి అమ్మే హైబ్రిడ్ విత్తనం కాపు బాగానే కాస్తుంది, కాదనను. దాని గింజ దాచి మరుసటి ఏడు వేస్తే మాత్రం తల్లిని పోలిన కాయ రాదు, తలా ఒక తీరుగా వస్తుంది. ఎందుకట్లా అవుతుందో మొదట లెక్క తేల్చినవాడు అగస్తీను సభ గురువు గ్రెగర్ మెండెల్. రాక్స్‌బర్గ్ పోయిన ఏడేళ్ళకు, 1822లో పుట్టాడు. బ్రనో పట్టణంలో తన మఠం తోటలో బఠాణీలు వేసి చూశాడు. ముందుగా 34 రకాల విత్తనం తెప్పించి, రెండేళ్ళు పెంచి, మాట తప్పకుండా తల్లినే పోలి కాసే 22 రకాలను ఏరుకొని గాని పని మొదలుపెట్టలేదు. మన అవ్వలు చేసే ఏరివేత కూడా ఇటువంటిదే.

ఈ ఏరివేత తెలిసిన చేతులు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు. వారి దగ్గర కూర్చొని నేర్చుకోండి. సొర, బీర, దోస, గుమ్మడి, చిక్కుడు, వంగ, బెండ, గోంగూర, తోటకూర ఉంటే ఒక ఇంటికి చాలు. గిన్నెలు కడిగిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు పాదులకు మళ్ళించండి. విత్తనానికి వదలవలసినది చివరి గిడస కాయ కాదు, మంచి తీగకు కాసిన మంచి కాయ. దానికి ఒక గుడ్డ పీలిక కట్టి ఉంచితే పిల్లలు కోయరు. సొర, బీర తీగ మీదనే ఎండి, ఊపితే గింజ గలగలమనాలి. దోస బాగా పండి పసుపు రంగు తిరిగాక గింజ తీసి, ఒకటి రెండు రోజులు నీళ్ళలో ఉంచితే జిగురు పోతుంది. తేలినవి పారబోసి, మునిగినవి కడిగి నీడన ఆరబెట్టాలి. వంగకు కూడా కాయ పసుపు రంగుకు తిరిగేదాకా ఆగాలి. ఆరిన గింజను జల్లించిన బూడిదలో, ఎండిన వేపాకు వేసి, తడి తగలని డబ్బాలో లేక మూతికి మట్టి మెత్తిన కుండలో దాచేవారు. చిక్కుడుకు పురుగు త్వరగా పడుతుంది, కొంచెం ఆముదం పట్టిస్తే నిలుస్తుంది.

చిక్కుడు తన పువ్వుతో తానే కాస్తుంది గనుక రకం చెడదు. తీగజాతి అట్లా కాదు. తేనెటీగ పక్కింటి పువ్వు పుప్పొడి తెచ్చి కలుపుతుంది. రెండు రకాల గుమ్మడి దగ్గర దగ్గరగా వేశారా, మూడో రకం గింజ తయారవుతుంది. అందుకని రేపు విచ్చే మొగ్గలను, ఆడదీ మగదీ, సాయంత్రమే దారంతో కట్టి, ఉదయం విప్పి, మగ పువ్వును ఆడ పువ్వుకు తాకించి మళ్ళీ కట్టివేయాలి. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటుంది. సొర, బీర మాత్రం పొద్దు గుంకే వేళ విచ్చుకుంటాయి, వాటి పని సాయంత్రానిది. ఇంకొక హెచ్చరిక. సొరకాయ ముక్క నాలుక మీద పెట్టగానే చేదుగా ఉంటే ఆ కాయ వండకండి, దాని గింజ దాచకండి. ఆ చేదు విషం, ప్రాణం మీదికి తెస్తుంది సుమా!

గింజకు కూడా ఆయుష్షు ఉంది. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మలేం. చిక్కుడు రెండు మూడేళ్ళు, వంగ, దోస, సొర మూడు నాలుగేళ్ళు ఉంటాయి. పది గింజలు తడి గుడ్డలో చుట్టి చూస్తే ఎన్ని మొలుస్తాయో తేలిపోతుంది. ఉన్నదంతా ఒక్క ఏడే వేయవద్దు, వాన తప్పితే విత్తనం కూడా పోతుంది. ఉన్నదంతా ఒక్క ఇంట్లోనే ఉంచవద్దు. కొంత ఆడబిడ్డ ఇంట్లో, కొంత పక్క ఊరి వియ్యపురాలి దగ్గర ఉండనివ్వండి. కోరంగి ఉప్పెన తరువాత డాక్టరు గారు బొమ్మలు లండన్‌కు పంపింది ఇందుకే.

మిగిలిన జీవితం త్వరగా చెబుతాను. 1793లో కిడ్ చనిపోగా కలకత్తా తోటకు రాక్స్‌బర్గ్ అధిపతి అయ్యాడు. సామర్లకోట విడిచి వెళ్ళాడు. అక్కడ ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఆయన చేరేనాటికి ఆ తోటలో 300 జాతులుంటే, విడిచేనాటికి 3,500 జాతులున్నాయి. జనపనారను పరీక్షకు ఇంగ్లండుకు పంపాడు, టేకు తోటలు వేయించాడు. బొమ్మలు మొత్తం 2,500 దాటాయి. ఒంట్లో బలం తగ్గి 1813లో దేశం విడిచి, దారిలో సెంట్ హెలీనా ద్వీపంలో ఆగినప్పుడు కూడా అక్కడి మొక్కల జాబితా రాశాడు. 1815లో ఎడింబరోలో మరణించాడు. గ్రేఫ్రయర్స్ శ్మశానంలో అత్తవారి కుటుంబపు సమాధిలో ఆయనను ఉంచారు.

జీవితమంతా రాసిన పెద్ద గ్రంథం అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు కలగలేదు. చేతిరాత కట్టను మిత్రుడు విలియం కేరీకి అప్పగించి వెళ్ళాడు. కేరీ దాన్ని శ్రీరాంపూరు ముద్రణాలయంలో అచ్చువేయించాడు. మొదటి భాగం 1820లో, పూర్తి గ్రంథం 1832లో వెలువడ్డాయి. అందులో మన చిట్టీత ఉంది, అనప ఉంది, తోటకూర ఉంది. పుటలు తిప్పితే లాటిన్ పేరు కింద, సంస్కృతం పేరు పక్కన, సామర్లకోట పొలాల్లో ఎవరో చెప్పగా విని ఆయన రాసుకున్న తెలుగు పేరు కనిపిస్తుంది.